ఇనప చక్రం హోరు

నీలం రంగు ప్లాస్టిక్ జీపును మల్‌సున్ ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి, ఎడమచేతి బొటనవేలితో దాని పొట్ట నొక్కిపట్టి, స్క్రూడ్రైవరు తిప్పింది. మూడు స్క్రూలు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి మొండికేసింది. దానిమీద ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, జీపును పక్కన పెట్టి, గోనెసంచీలోంచి ఇంకో బొమ్మ అందుకుంది. మొండికేసినదాన్ని కాసేపు దాని మానాన వదిలేస్తే అదే దారికొస్తుందని ఆమె నమ్మకం.

సియోల్ నగరంలో దోంగ్‌మ్యో గుడి రాతిగోడ వెంబడి పాతసామాన్ల బజారు అప్పుడే వేడెక్కుతోంది. శనివారం కావడంతో జనం ఎక్కువగానే ఉన్నారు. ఎదుట నడుమెత్తున పోసిన పాతబట్టల గుట్టలో నలుగురు ముసలివాళ్ళు మోచేతులదాకా చేతులు దూర్చి కోట్లు లాగుతున్నారు. మల్‌సున్‌ది గోడ మలుపు దగ్గర నీలం టార్పాలిన్ పందిరి, దాని కింద ఒక చాప, చాప ముందు గిన్నెలు కడుక్కునే ప్లాస్టిక్ తొట్లు. ఒకదాంట్లో చక్రాలు, ఒకదాంట్లో ఇరుసులు, ఒకదాంట్లో పళ్ళచక్రాలు, ఇంకోదాంట్లో వేలెడంత మోటార్లు, స్ప్రింగులు, కళ్ళు పోయిన దీపాలు. పై వీధిలో బొమ్మల దుకాణాలున్నాయి. అక్కడ చేత్తో కూర్చుకునే కార్లు మెరిసే పెట్టెల్లో దొరుకుతాయి. వాటి ధర చూసి చేతులు వెనక్కి తీసుకున్నవాళ్ళు, ఇంట్లో అట్టముక్కతోనో, పాలడబ్బాతోనో కారు చేసుకుందామనుకునేవాళ్ళు మెట్లు దిగి మల్‌సున్ దగ్గరికొస్తారు. ఆ దుకాణాలు విరిగాయని పారేసిన బొమ్మలే సంచుల్లో ఆమె దగ్గరికి దిగి, విడివిడిగా తొట్లలో పడతాయి. ఒక కాగితపు కప్పు కాఫీ ధరకి నాలుగు చక్రాలూ రెండు ఇరుసులూ ఇచ్చేస్తుంది.

ఆమె పొట్టి మనిషి. గిరజాలు తిప్పించుకున్న పొట్టి జుట్టు, పూల పైజామా, దానిమీద మగవాళ్ళ దూదికోటు, ముక్కుమీద మందపాటి కళ్ళజోడు. కుడిచేతి చూపుడువేలి కొస చదునుగా నొక్కుకుపోయి, గోరు పక్కకు పెరుగుతుంది. రెండు రోజులుగా ఎడమ భుజం బరువుగా ఉందని నొప్పులపట్టీ అంటించుకుంది. కోటు కదిలినప్పుడల్లా కర్పూరం వాసన వస్తోంది.

చాప ఇద్దరికి సరిపోతుంది. మల్‌సున్ మాత్రం ఎప్పుడూ ఒక అంచునే కూర్చుంటుంది. వెనక, గోడవైపు, ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటు ఖాళీగా ఉంటుంది. అక్కడ సంచీ కూడా పెట్టదు. గాలి కొట్టినా ఆ పక్క టార్పాలిన్ దించదు. కొండమీద తన గదిలోనూ అంతే. నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా తలుపు జానెడు తీసిపెట్టి పడుకుంటుంది. ఇంటావిడ అరిచి అరిచి చివరికి ఊరుకుంది.

“ఏమ్మా, పొద్దున్నే ఎవరితో కబుర్లు?” అన్నాడు పక్క దుకాణం గూ పాన్‌సుల్. పాత గడియారాలూ రేడియోలూ అమ్మే డెబ్భై దాటిన మనిషి. కంట్లో ఎప్పుడూ గడియారాలు బాగుచేసే భూతద్దం దోపుకుని ఉంటాడు.

“మా చెల్లితో.”

మొదట్లో ఈ మాటకి అతను నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడు. కాఫీ పొడి పొట్లం రెండు కప్పుల్లో పోసి, వేణ్ణీళ్ళు కలిపి, ఒకటి ఆమె ముందు పెట్టాడు. “మీ చెల్లికి కూడా కలపనా?”

“దానికి చేదు పడదు అన్నా.”

మధ్యాహ్నం తిండి వేళకి హమ్ మ్యోంగ్‌జు మెట్లు దిగి వచ్చింది. కొండమీది కుట్టుపని షెడ్డులో మిషను తొక్కే మనిషి, ముప్ఫయ్యయిదేళ్ళుంటాయి. జుట్టునిండా, చొక్కానిండా రంగురంగుల దారప్పోగులు. వస్తూనే తొట్టి ముందు గొంతుక్కూర్చుని సంచీలోంచి ఒక కారు తీసింది. బట్టల తానులో ఉండే అట్టగొట్టాన్ని నిలువునా కోసి చేసిన ఒళ్ళు, పాత మిషను పాదంతో చేసిన ముక్కు, కిందట్నెల మల్‌సున్ ఇచ్చిన రబ్బరు చక్రాలు.

“పిన్నీ, నా పరువు నీ చేతుల్లో ఉంది.”

“కిందట్నెల కూడా నా చేతుల్లోనే పెట్టావుగా. ఏమైంది?”

“ఏముంది, బల్ల మధ్యలో నిలబడిపోయింది. బట్టలు కత్తిరించే మోక్ లేడూ, ఆ దున్నపోతు, దానికి దండం పెట్టి ‘పాపం, ప్రయాణంలో అలిసిపోయిందమ్మా, దుప్పటి కప్పండి’ అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నెలంతా మెట్లు నేనే కడిగాను.”

షెడ్డులో నెలకో శనివారం, పని అయ్యాక, కత్తిరింపు బల్ల ఖాళీ చేసి కార్ల పందెం వేసుకుంటారు. బ్యాటరీ ఉండకూడదు, కొత్త సామాను కొనకూడదు, బల్లకి రుద్ది వదలాలి. ఓడినవాళ్ళు అందరికీ హోటలునుంచి నల్లటి సోయా ముద్ద కలిపిన సేమ్యా తెప్పించాలి, మెట్లు కడగాలి. మోక్ ఇంతవరకు ఓడలేదు.

మల్‌సున్ కారు పొట్టలోకి చూసింది. చక్రాలతో కలిసి తిరిగే లోపలి బిళ్ళ ప్లాస్టిక్‌ది. బరువు లేదు. ఒకసారి తిరిగి ఆగిపోతుంది.

“బరువైన ఇనప బిళ్ళ కావాలట పిన్నీ. పాతకాలం రేకు కార్లలో ఉండేదట. బల్ల ఈ కొసనుంచి ఆ కొసకి ఒక్క ఊపులో పోతుందట.”

“నా దగ్గర లేవు.”

“దొరకవా, నువ్వే ఉంచవా?”

మల్‌సున్ కారు తిరిగిచ్చేసి స్క్రూడ్రైవరు అందుకుంది. మ్యోంగ్‌జు కారును చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చక్రాన్ని వేలితో ఒక్క తిప్పు తిప్పి వింది. చక్రం ఆగేదాకా అలాగే ఉంది. కిటికీకి చెవి ఆనించి ఎవరి అడుగులో వినేదానిలా.

మల్‌సున్ చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి ఇరుసుల తొట్లో పడింది. అలా వినడం ఆమెకి తెలిసిన ఒక్క మనిషికే ఉండేది.

“వదిలేసి వెళ్ళు. సాయంత్రం దాకా టైముందిగా, చూస్తాను.”

ఆమె వెళ్ళిపోయాక మల్‌సున్ కారు పట్టుకుని లేచింది. “అన్నా, కాస్త చూస్తూండు” అంది. పాన్‌సుల్ భూతద్దం కంట్లోంచి తీసి మరీ చూశాడు. పని మధ్యలో ఆమె చాప వదలడం అతనెరగడు.

బజారంతా తిరిగింది. బూట్లూ బొమ్మలూ కలిపి గుట్టపోసే మనిషి దగ్గర ఒక రేకు రైలుంది, లోపల డొల్ల. గుడి గుమ్మం దగ్గర అద్దాల పెట్టెలో రేకు బస్సుంది. దాని ధర వింటే ఆమె గది అద్దె గుర్తొచ్చింది. అద్దాల పెట్టె మనిషి ఆమె చేతిలోని అట్టగొట్టం కారు చూసి, “దీనికోసమా అమ్మా!” అని నవ్వాడు. పిండివంటల బండి పొగలోంచి, టోపీల వరసల కిందనుంచి వంగి వెనక్కొచ్చింది. భుజం లాగుతోంది. నిజానికి ఎక్కడుందో ఆమెకి తెలుసు. తెలిసే అంతా తిరిగింది.

“అన్నా, నీ స్టూలు కింద అగ్నిమాపక బండి ఉండాలి. నేనే ఇచ్చాను నీకు.”

పాన్‌సుల్ కదల్లేదు. “రేకు బొమ్మ సంచీలో వస్తే చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా దగ్గర పడేసేదానివి. ఇవాళ నువ్వే అడుగుతున్నావు.”

“ఇస్తావా ఇవ్వవా?”

“ఇస్తా. ఏదో మీదపడి నలిగిపోయింది, ఎవడు కొంటాడు దాన్ని! కానీ రేకంటే నీకెందుకు భయమో చెప్పు.”

“చెబితే నీ గడియారాలన్నీ ఆగిపోతాయి.”

“సగం ఎలాగూ ఆగిపోయినవే.”

ఆమె నవ్వింది. నవ్వాక అతని పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని, మొట్టమొదటిసారి, ఆ సంగతి చెప్పింది. పెద్ద కథలా ఏమీ చెప్పలేదు. మధ్యమధ్య ఆగి ఎవరో కొనేవాళ్ళకి చక్రాలు ఏరి ఇచ్చి మళ్ళీ వచ్చి చెప్పింది.

వాళ్ళది దక్షిణాన ఒక పల్లె. ఆడపిల్లలు ఇక చాలని ‘చివరిది’ అనే అర్థం వచ్చేలా ఆమెకి మల్‌సున్ అని పేరు పెట్టారు. ఆ తరవాత కూడా ఓక్‌బున్ పుట్టింది. “నిన్ను చివరిదన్నారు, నేను నీ వెనకే దొంగలా దూరాను” అనేది ఓక్‌బున్. ఆ తరవాతే తమ్ముడు. మల్‌సున్‌కి పంతొమ్మిది, ఓక్‌బున్‌కి పదహారు ఉన్నప్పుడు ఇద్దరూ సియోల్ వచ్చి బొమ్మల ఫ్యాక్టరీలో చేరారు. రేకు కార్లు చేసి ఓడలకెక్కించేవాళ్ళు. మల్‌సున్ రేకు నొక్కే మిషను దగ్గర. వేలు నలిగింది అక్కడే. ఓక్‌బున్ చక్రాలు బిగించే వరసలో. బిగించిన ప్రతి కారునీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పి వినేది. మేస్త్రీ తిట్టినా మానేది కాదు. హాలంతా ఆ ఇనప బిళ్ళల హోరు, తేనెపట్టు కదిపినట్టు.

ఊళ్ళో తమ్ముడికి ఒక కారు పంపాలని ఓక్‌బున్ ఆశ. ఒక్కటి కూడా బయటికి పోయే వీల్లేదు. గేటు దగ్గర ఆడపిల్లల ఒళ్ళంతా తడిమి చూసేవాళ్ళు. వంకరపోయిన భాగాలు మాత్రం పాతసామాన్లవాడు సంచుల్లో పట్టుకెళ్ళేవాడు. ఓక్‌బున్ జీతం వచ్చినప్పుడల్లా వాడి దగ్గరికెళ్ళి బేరమాడి ఒకనెల రేకు ఒళ్ళు, ఒకనెల ఇరుసు కొనేది. తన చేత్తో బిగించినదాన్నే తన డబ్బుతో తిరిగి కొనుక్కునేది. చక్రాలు మూడు దొరికాయి. నాలుగోది అదే కొలతలో దొరకలేదు.

అది చలికాలం. గది వేడెక్కడానికి నేలకింద బొగ్గుబిళ్ళ మండేది. మల్‌సున్‌కి రాత్రి పని. ఓక్‌బున్‌కి జలుబు చేసి మంచం పట్టింది. తలుపు కింద సందులోంచి గాలి కోసేస్తోందని మల్‌సున్ పాత పరికిణీ చుట్టి ఆ సందులో గట్టిగా కూరింది. బయటికొచ్చాక కూడా చేయి పెట్టి చూసింది, గాలి తగలడం లేదు కదా అని. పొద్దున్న వచ్చేసరికి గుడ్డ అలాగే ఉంది. పొగ పైకొచ్చే చీలిక నేలలో ఎక్కడో ఉంది. బొగ్గు వదిలే విషపుగాలికి వాసన ఉండదు. ఇంటావిడ విరుగుడని ముల్లంగి ఊరగాయ నీళ్ళు తెచ్చి ఓక్‌బున్ నోట్లో పోసింది. అవి చెంపల మీదుగా దిండులోకి జారిపోయాయి.

మూడు చక్రాల కారును మూటలో కట్టి ఊరికి పంపితే, పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉండకూడదని నాన్న పొయ్యిలో పడేశాడు. తమ్ముడు అది మాడి నల్లబడేదాకా పొయ్యి ముందే నిలబడ్డాడట.

పాన్‌సుల్ చేతిలోని గడియారం పక్కన పెట్టాడు. వంగి, స్టూలు కిందనుంచి నలిగిన ఎర్రబండి లాగి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

“ఎవరమైనా అలాగే చేసేవాళ్ళమమ్మా. గాలి వస్తుంటే గుడ్డే కదా పెడతాం.”

“అవునన్నా. అందరూ అదే చేసేవాళ్ళు.”

ఆమె తన చాప మీదికొచ్చి రేకు మడతలు కత్తెర మొనతో విప్పింది. లోపల, గట్టిపడిన జిడ్డులో, పాత ఇనప బిళ్ళ చెక్కుచెదరకుండా ఉంది. కిరసనాయిల్‌తో కడిగి, ఇరుసుకి నూనె వేసి, పలకరాయి మీద పెట్టి చేయి వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టింది. ఒక్కసారి గట్టిగా రుద్ది వదిలింది.

హోరుమంది.

బజారులో ఎవరూ తలతిప్పలేదు. బట్టల గుట్ట దగ్గర బేరం సాగుతూనే ఉంది. మల్‌సున్‌కి మాత్రం మెడ వెనక వెంట్రుకలు లేచాయి. భుజం మీదుగా ఎవరో వంగి వింటున్నట్టు, చెవి పక్కన చల్లటి ఊపిరి. ఆమె వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తిరగలేదు. తిరిగితే రాతిగోడ తప్ప ఏమీ ఉండదని తెలుసు. బిళ్ళ ఆగేదాకా కదలకుండా కూర్చుంది.

“ఇది సరిపోతుందా?” అని మెల్లగా అడిగింది.

సైకిలు ట్యూబు ముక్క కోసి, బిళ్ళ కదలకుండా కింద మెత్త వేసి, మ్యోంగ్‌జు కారులో బిగించడం మొదలుపెట్టింది. రేకు బండి చక్రాలు పనికిరాలేదు. అట్టగొట్టం ఇంకొంచెం కొయ్యవలసి వచ్చింది. పని అయ్యేసరికి గోడ నీడ రోడ్డు దాటింది.

చీకటి పడబోతుండగా మ్యోంగ్‌జు వచ్చింది. కారు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసింది.

“పిన్నీ! ఇది కారా, పెద్దపులా?”

“బల్ల చివర ఎవరైనా పట్టుకోవాలి. లేకపోతే గోడకి కొట్టుకుంటుంది.”

“అయితే నువ్వే రా. మోక్ మొహం మాడిపోవడం నీ కళ్ళతో చూద్దువుగాని. సేమ్యా కూడా తిందువు.”

మల్‌సున్ రానంది. చాప ఉందంది, కాళ్ళనొప్పులంది. పాన్‌సుల్ ఆ పాటికే ఆమె తొట్లమీద టార్పాలిన్ కప్పుతున్నాడు. “వెళ్ళమ్మా, నీ చాపనెవడెత్తుకుపోతాడు! ఇద్దరూ వెళ్ళండి” అన్నాడు. ఏ ఇద్దరో అతను చెప్పలేదు.

కొండ మెట్లు నిటారుగా ఉంటాయి. మ్యోంగ్‌జు ఆమె మోచెయ్యి పట్టుకుంది. మలుపు మలుపుకీ మల్‌సున్ ఆగి, చెయ్యి గోడకానించి ఊపిరి పీల్చుకుంది. “భుజమా?” అంటే “చలి” అంది. రెండువైపులా షెడ్ల కిటికీల్లోంచి మిషన్ల చప్పుడూ ఇస్త్రీ ఆవిరీ వీధిలోకి వస్తున్నాయి.

షెడ్డులో పదిమందిదాకా ఉన్నారు. కత్తిరింపు బల్ల గది ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఉంది. మీద తానులు తీసేసి సుద్దతో దారులు గీశారు. మోక్ తన కారును గుడ్డతో తుడుస్తున్నాడు. నిజంగానే దున్నపోతంత మనిషి, కానీ మల్‌సున్‌ను చూసి లేచి, వంగి దండం పెట్టి, తన కుర్చీ మీద మెత్త వేసి బల్ల చివర వేశాడు.

“పెద్దమ్మా, ఈవిడ కారు తయారుచేసింది మీరేనట. నాకు ముందే చెబితే నేనూ మీ దగ్గరికే వచ్చేవాణ్ణి.”

“ఇప్పుడా అనేది?” అంది మ్యోంగ్‌జు. “మెట్లు కడిగే బకెట్టు ఎక్కడుందో కనుక్కో ముందు.”

కుర్చీ తలుపు పక్కనే. తలుపు ఓరగా ఉంది. ఎవరో “చలి, వేసెయ్యండి” అన్నారు. మ్యోంగ్‌జు “ఉండనీ, పిన్నికి గాలి కావాలి” అంది. ఎవరూ చెప్పకుండా ఆమెకెలా తెలిసిందో మల్‌సున్‌కి అర్థం కాలేదు.

పక్కనే ఒకామె మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె బుస్సుమని ఆవిరి వదిలినప్పుడల్లా మల్‌సున్ కళ్ళజోడు తెల్లబడిపోతోంది. రెండుసార్లు కోటు అంచుతో తుడిచి, లాభం లేక తీసి బల్ల అంచున పెట్టింది. రెండు చేతులూ చాచి, అరచేతులు దోనెలా పట్టుకుంది.

జోడు లేకపోతే ఆమెకి దూరపు వస్తువులు అలికినట్టుంటాయి. బల్ల అవతలి కొసన వెలుగు, ఆ వెలుగులో కొన్ని రంగులు. వాటి మధ్య ఒక సన్నటి ఆడమనిషి ఆకారం, ముందుకు వంగి, చెవి దగ్గర ఏదో పట్టుకుని వింటోంది. జుట్టులో తెల్లతెల్లటి పోగులు. వయసు తెలియడం లేదు. పదహారు కూడా కావచ్చు.

“సిద్ధమా?” అని ఎవరో అరిచారు.

ఆకారం చెయ్యి దించి, బల్లమీద రుద్ది, వదిలింది.

హోరు మొదలైంది. సుద్దగీత మీదుగా, నేరుగా, ఆమె వైపే వస్తోంది. పక్క దారిలో మోక్ కారు ఎప్పుడు వెనకబడిందో మల్‌సున్ చూడలేదు. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ ఆమె ఇంకొంచెం ముందుకు వంగింది. ఏదో అంది. ఇనప చక్రం హోరులో ఎవరికీ వినబడలేదు. కారు వచ్చి ఆమె దోసిట్లో పడింది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆమె దాన్ని గుండెకి హత్తుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

అరుపులతో షెడ్డు దద్దరిల్లింది. మ్యోంగ్‌జు బల్లచుట్టూ ఒక చుట్టు గంతులేసింది. మోక్ నెత్తిమీద బకెట్టు బోర్లించుకుని అందర్నీ నవ్వించాడు. సేమ్యాకి ఫోన్ చేశారు. ఎవరికి ఎంత కారమో మోక్ ఒక్కొక్కరినీ అడుగుతూ మల్‌సున్ దగ్గరికొచ్చాడు.

“పెద్దమ్మా, మీకు?”

ఆమె కళ్ళు సగం మూసి ఉన్నాయి. మంచి కునుకులో ఉందనుకున్నాడు. వంగి, రెండోసారి అడిగి, తలమీది బకెట్టు మెల్లగా తీసి కింద పెట్టాడు. గుండెమీది కారు చప్పుడు ఆగిపోయి, ఊపిరికి కూడా కదలకుండా ఉంది.

అంబులెన్సు కొండ మలుపు దాకానే రాగలిగింది. అక్కడిదాకా మోక్ ఆమెను వీపున మోసుకుని దిగాడు. చేతుల్లోంచి కారు తియ్యబోతే మ్యోంగ్‌జు వద్దంది. పాన్‌సుల్ కబురంది మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, దక్షిణాన ఉన్న ఆమె తమ్ముడి ఫోన్ నంబరు చెప్పి, ఖాళీ కుర్చీ చూసి, తలుపు వెయ్యబోతున్నామెను ఆపి, దాని పక్కన నిలబడిపోయాడు.

మర్నాడు ఆదివారమైనా చొక్కాలు పంపాలి. మ్యోంగ్‌జు ఒక్కతే వచ్చి ఇస్త్రీకి నిలబడింది. సుద్దగీతలు ఇంకా ఎవరూ తుడవలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. మొదటి చొక్కా మడతపెట్టి పక్కన పెట్టబోతూ ఆమె బల్ల అంచు వైపు చూసింది. చెయ్యి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుని, రెండో చొక్కా పరిచింది.

అక్కడ, కాళ్ళు విచ్చుకుని, కుర్చీ వైపు తిరిగి మల్‌సున్ కళ్ళజోడు ఉంది. ఇస్త్రీపెట్టె బుస్సుమన్నప్పుడల్లా దాని అద్దాలు తెల్లగా మసకబారుతున్నాయి, కాసేపటికి అంచులనుంచి మెల్లగా తేటపడుతున్నాయి.